పడమటి సీమ పేర్లు – 6: పెట్టిన పేరు, పెట్టిన ముద్ద

(కిందటి సంచికలో: హనుమంతునిపాడు పేరు చివర ఉన్న ‘పాడు’ శిథిలం కాదనీ, అది ఊరనీ చూశాం. వజ్రాయుధం దెబ్బ తిన్న దవడే ‘హనుమ’ అన్న పేరుకు మూలమనీ చెప్పుకున్నాం. ఈసారి ఊరి పేరు వదిలి మనిషి పేరు పట్టుకుందాం.)

హనుమంతునిపాడు చుట్టుపక్కల ఏ పల్లె బడికైనా పోయి పాత హాజరుపట్టీ తిరగేయండి. మాలకొండయ్య, పెంచలమ్మ, చెన్నకేశవులు, ఓబులమ్మ, తిరుపతయ్య, మస్తానయ్య, శ్రీశైలం, కాశయ్య. పంతులు గారు పిల్లల పేర్లు పిలుస్తున్నానని అనుకుంటారు గానీ, నిజానికి ఆయన చదువుతున్నది యాత్రికుల దారి.

శనివారం ఒక్కరోజే తలుపులు తెరిచే మాలకొండ నరసింహస్వామికి మొక్కుకుంటే మాలకొండయ్య పుట్టాడు. పెంచలకోనకు మొక్కితే పెంచలమ్మ, మార్కాపురం స్వామికి మొక్కితే చెన్నకేశవులు. నల్లమలకు అవతలి పక్కనున్న అహోబిలం ఇవతలికి వచ్చేసరికి నోట్లో అరిగి ‘ఓబుల’ అయింది, ఆడపిల్లకు ఓబులమ్మ అయింది. కసుమూరు దర్గాలో ఫాతేహా ఇచ్చి వచ్చిన హిందువుల ఇంట మస్తానయ్య పుట్టాడు. ఈ సీమలో పేరంటే మొక్కుకు రసీదు. దేవుడికి చెల్లించాల్సింది చెల్లించామని పదిమందికీ తెలిసేలా బిడ్డ నెత్తిన రాసిపెట్టిన రసీదు.

వీటిలో చాలావరకు బండి కట్టుకుని కొన్నాళ్లలో పోయి రాగలిగిన చోట్లు. పట్టీ చివర ఉన్న ఆ ఒక్క పేరే వాటిలో ఇమడదు. కాశి ఇక్కడికి వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. రైలు రాక ముందు వెలికొండల కింది మెట్టరైతు కాశీకి పోవడమంటే ఇల్లు, గొడ్డు, పొలం అప్పగింతలు పెట్టి పోవడమే. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనన్న సామెత ఊరికే పుట్టలేదు. మరి పోలేని ఊరి పేరు పిల్లలకు ఇంత ఇష్టంగా ఎందుకు పెట్టుకున్నారు?

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఈ సీమలో అందరికీ తెలిసిన కాశి ఒకరున్నారు.

బెడుసుపల్లి కాశిరెడ్డి

అవధూత కాశిరెడ్డి నాయన పేరు తెలియని గడప కనిగిరి, గిద్దలూరు, ఉదయగిరి, పోరుమామిళ్ళ ప్రాంతాల్లో అరుదు. సీతారాంపురం మండలం బెడుసుపల్లిలో 1895 జనవరి 15న పుట్టారనీ, తల్లి కాశమ్మ, తండ్రి సుబ్బారెడ్డి అనీ ఆయన జీవితకథలు చెబుతాయి. 1995 డిసెంబరు 6న దేహం వదిలారు. అంటే నిండా నూరేళ్ళు.

జిల్లా హద్దులు చూసి ఆయన నెల్లూరు మనిషి, మనం ప్రకాశం వాళ్ళం అనుకోనక్కర్లేదు. ఆయన పుట్టేనాటికి కనిగిరి, ఉదయగిరి రెండూ నెల్లూరు జిల్లావే. ఒంగోలు జిల్లా ఏర్పడి కనిగిరి అందులో కలిసింది 1970లో. కొండలు, మెట్టపొలాలు, నీళ్ళ కరువు, మొక్కులు, మాట తీరు అన్నీ ఒకటే. గీతలు తర్వాత వచ్చాయి.

ఆయన పని రెండు మాటల్లో చెప్పవచ్చు. అడవుల్లో, కొండకోనల్లో దీపం పెట్టే దిక్కులేక పడివున్న పాత గుళ్ళను బాగుచేయించడం ఒకటి. ఆ గుడికి వచ్చినవాళ్ళెవరూ ఆకలితో తిరిగి పోకుండా అన్నం పెట్టించడం రెండోది. నల్లమలలోని జ్యోతిక్షేత్రం ఆయన ప్రధాన స్థానం, సమాధి కూడా అక్కడే. ఆయన పేరిట నడిచే అన్నదాన సత్రాలు అహోబిలం, శ్రీశైలం లాంటి క్షేత్రాల్లో ఉన్నాయి. గుళ్ళు కట్టించినవాళ్ళు చరిత్రలో చాలామంది. గుడి తలుపు కన్నా ముందు గాడిపొయ్యి గురించి ఆలోచించినవాళ్ళు తక్కువ.

ఆయన చరిత్ర మొత్తం ఈ సంచికలో చెప్పబోవడం లేదు. ఆయన పేరును మాత్రం విప్పి చూద్దాం. అందులో మూడు పొరలున్నాయి: కాశి, రెడ్డి, నాయన. మొదటిది ఇంట్లో పెట్టింది. రెండోది కులంతో వచ్చింది. మూడోది జనం ఇచ్చింది.

కాశి: వెలుగా, రెల్లుగడ్డా?

‘కాశ్’ అనే సంస్కృత ధాతువుకు వెలగడం అని అర్థం. ప్రకాశించే చోటు కాబట్టి కాశి అయిందన్నది పురాణాల మాట. ఎక్కువమందికి తెలిసిన వ్యుత్పత్తి ఇదే. అయితే భాషా చరిత్రకారులు అంత తేలిగ్గా వదలరు. కాశి మొదట ఊరి పేరు కాదు, ఒక జనం పేరు. బుద్ధుడి కాలానికి ముందు చెప్పుకునే పదహారు మహాజనపదాల్లో కాశి ఒకటి, దాని రాజధాని వారణాసి. కాశుడనే రాజు వల్ల ఆ పేరు వచ్చిందని ఒక కథ. ‘కాశ’ అంటే రెల్లుగడ్డి కాబట్టి గంగ ఒడ్డున రెల్లు పూసిన నేల కాశి అయిందని ఇంకో ఊహ. రెల్లు పూసినప్పుడు దూరానికి తెల్లగా వెలిగినట్టే ఉంటుంది. గడ్డి అన్నవాళ్ళూ వెలుగు అన్నవాళ్ళూ మరీ అంత దూరంగా లేరేమో.

మన మట్టుకు మనకు పనికొచ్చేది వెలుగన్న అర్థమే. ఎందుకంటే అదే ధాతువుకు ముందు ‘ప్ర’ చేరిస్తే ప్రకాశం. ఒంగోలు జిల్లాకు 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఆయన పుట్టింది 1872 ఆగస్టు 23న, వినోదరాయునిపాలెంలో. సముద్రానికి దగ్గరి తూర్పున బారిస్టరు ప్రకాశం, పడమటి కొండల కింద అవధూత కాశిరెడ్డి. వయసులో తేడా సుమారు ఇరవై రెండున్నరేళ్ళు. ఒకరు కోర్టులు, సైమన్ కమిషన్ తుపాకులు, ముఖ్యమంత్రి కుర్చీ చూశారు. ఇంకొకరు పాడుబడ్డ గుళ్ళు, అన్నం గంగాళాలు చూశారు. ఇద్దరి పేర్లలోనూ ఉన్నది ఒకే ధాతువు.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. కాశి అంటే వెలుగు, ఆయన చేరింది జ్యోతిక్షేత్రం, కాబట్టి పుట్టినప్పుడే పేరులో భవిష్యత్తు రాసి ఉందని భక్తులు అంటారు. భక్తికి ఆ హక్కు ఉంది. చరిత్ర మాత్రం తల్లి పేరు దగ్గర ఆగి ఆలోచిస్తుంది. ఆమె కాశమ్మ. అంటే ఈ బిడ్డ పుట్టడానికి ఒక తరం ముందే ఆ పేరు ఈ సీమ ఇళ్ళలో తిరుగుతోంది. కాశమ్మలు, కాశయ్యలు, కాశిరెడ్లు, కాశీపతులు ఎందరో ఉన్నారు. ఆకాశవాణి పలికి పెట్టిన పేరు కాదిది, పొరుగింట్లోనూ వినబడే పేరు.

అది ఇళ్ళలోకి వచ్చిన దారి కూడా ఊహించవచ్చు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న కాశీకి బయల్దేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా సాగి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. తెలుగులో తొలి యాత్రాచరిత్ర ఆ ప్రయాణం వల్లే పుట్టింది. డబ్బూ హోదా ఉన్న మనిషికే పదిహేను నెలలకు పైగా పట్టిన దారి అది. ఆ దారి నల్లమలను ఒరుసుకుని పోయింది. కాశీకి పోయేవాళ్ళనూ, గంగనీళ్ళ చెంబుతో తిరిగొచ్చేవాళ్ళనూ ఈ కొండల కింది జనం చూశారు. తాము పోలేకపోయారు. పోలేనప్పుడు చేయగలిగింది ఒక్కటే: ఆ ఊరినే ఇంటికి తెచ్చుకోవడం. “ఒరే కాశీ” అని రోజుకు పదిసార్లు బిడ్డను పిలిస్తే రోజుకు పదిసార్లు క్షేత్రాన్ని తలుచుకున్నట్టే. చెన్నకేశవులు చెల్లించిన మొక్కు అయితే, కాశయ్య తీరని మొక్కు.

కాశికి తెలుగువాళ్ళు తెలుసుకున్న అర్థం ఇంకొకటి ఉంది. అక్కడ విశ్వనాథుడి పక్కన అన్నపూర్ణ ఉంది. శివుడే ఆమె ముందు భిక్షపాత్ర పట్టాడని కథ. నిఘంటువు వెలుగు చూపిస్తే, క్షేత్రం గరిటె చూపిస్తుంది.

ఒక దారి తప్పే మలుపు కూడా చెప్పి ముందుకు పోతాను. పీర్లపండగ చేసే ఊళ్ళలో ‘కాశిం’ అన్న పేరూ వినిపిస్తుంది. ఆ కాశిం వేరు, మన కాశి వేరు. అది అరబ్బీ ‘ఖాసిం’. మొహర్రంలో తలుచుకునే హసన్ కొడుకు పేరు. పంచిపెట్టేవాడని దాని అర్థం. రెండు పేర్లకూ చుట్టరికం లేదు. కానీ ఒకే వీధిలో ఒకటి వెలుగనీ ఒకటి పంచేవాడనీ అర్థమిచ్చే రెండు పేర్లు దాదాపు ఒకేలా మోగుతుంటే, నూరేళ్ళు బతికి అన్నం పంచినాయన చరిత్ర రాసేవాడికి కాస్త తడబాటు తప్పదు.

రెడ్డి: రాలిన పొర

శాసనాల్లో రట్టగుడి, రట్టడి అని కనిపించే మాటలే అరిగి రెడ్డి అయ్యాయని ఎక్కువమంది చరిత్రకారుల మాట. ఊరి పెత్తనం చేసేవాడి హోదా అది. 14వ శతాబ్దంలో అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి రాజ్యం కట్టేనాటికి హోదా వంశమైంది, తర్వాత కులమైంది, చివరికి పేరుకు తోక అయింది.

ఇప్పుడు జనం నోట ఈ పేరు నడిచిన తీరు చూడండి. కాశిరెడ్డి. తర్వాత కాశిరెడ్డి నాయన. ఆ తర్వాత కాశినాయన. మధ్యలో ఉన్నది రాలిపోయింది. ఎవరూ ఉద్యమం చేసి తీయలేదు. పిలుపుకు అవసరం లేక పోయింది. కడప జిల్లాలో నరసాపురం కేంద్రంగా ఉన్న మండలానికి ప్రభుత్వం పెట్టిన పేరు కూడా శ్రీ అవధూత కాశినాయన మండలమే. రెవెన్యూ కాగితాల్లో కులం తోక లేదు, నాయన ఉన్నాడు. తహసీల్దారు ముద్రలో ‘నాయన’ అన్న ఇంటిమాట ఉన్న చోటు తెలుగునాట ఇంకెక్కడ ఉందో వెతకండి.

కాశీకి పోతే ఇష్టమైనదొకటి వదిలి రావాలంటారు. ఒకరు వంకాయ వదిలేస్తారు, ఒకరు జామపండు. ‘అవధూత’ అన్న మాటకు అర్థం కూడా అదే. ‘అవ’, ‘ధూ’ కలిస్తే దులిపేసుకోవడం. దుమ్ము దులిపినట్టు లోకపు మర్యాదలన్నీ దులిపేసుకున్నవాడు అవధూత. ఈ సంగతి ఆయనకు తెలుసు, మనకు తెలుసు. ఆయన పేరుకు కూడా తెలుసునన్నదే ముచ్చట.

నాయన: జనం పెట్టిన పేరు

కోస్తాలో నాన్న, పట్నాల్లో డాడీ గెలిచాక, నాయన మెట్టకూ సీమకూ సర్దుకుంది. నెల్లూరు పడమట, ప్రకాశం పడమట, రాయలసీమలో, తెలంగాణ పల్లెల్లో ఇంకా బతికే ఉంది. నాన్న అనేవాళ్ళ ఇళ్ళలో కూడా నాన్నమ్మ పక్కనే ‘నాయనమ్మ’ కూర్చుని ఉంది. తమిళనాట తెలుగు ఇళ్ళ నుంచి ఇది ‘నైనా’గా మారి మద్రాసు వీధుల తమిళంలోకీ పోయింది.

కొందరు నిఘంటుకారులు దీన్ని ‘నాయక’ శబ్దంతో ముడిపెడతారు. తమిళ శైవంలో అరవై ముగ్గురు భక్తులు నాయనార్లు. అక్కడ ఆ మాటకు ఏలిక, నాయకుడు అన్న బరువుంది. వాళ్ళలో మన శ్రీకాళహస్తి కన్నప్ప ఒకడు. ఇంట్లో పెట్టిన పేరు తిన్నడు. వేటమాంసం రుచి చూసి మరీ శివుడికి తినిపించినవాడు, కన్ను పెకలించి ఇచ్చినవాడు. కన్ను ఇచ్చాక పేరు మారింది: కన్ను, అప్ప కలిసి కన్నప్ప. ఇచ్చింది ఏమిటో చెప్పి, పక్కన తండ్రి పిలుపు తగిలించడం ఈ నేలకు అలవాటే.

ప్రపంచంలోనూ ఇదే తీరు. రోములో పోప్ అన్న బిరుదు గ్రీకు పిల్లలు తండ్రిని పిలిచే ‘పాప్పాస్’ నుంచి వచ్చింది. షిర్డీ సాయికి తగిలిన ‘బాబా’ పారసీలో తండ్రి. పసినోటి మాట పోయి పోయి అన్నిటికంటే పెద్ద పీఠం ఎక్కుతుంది. తేడా ఒక్కటే. పోప్ అన్నది పదవి, ఒకరి తర్వాత ఇంకొకరు కూర్చుంటారు. నాయన పదవి కాదు. కాశినాయన తర్వాత రెండో కాశినాయన లేడు.

మన దగ్గరే ఇంకో నాయన ఉన్నారు. కావ్యకంఠ గణపతి ముని. తిరువణ్ణామలై కొండమీది వెంకటరామన్‌కు 1907లో భగవాన్ రమణ మహర్షి అని పేరు పెట్టింది ఆయనే. లోకానికి రమణ అన్న పేరిచ్చిన ఈ మహాపండితుణ్ణి శిష్యులు పిలిచింది మాత్రం ‘నాయన’ అని. గుంటూరు లక్ష్మీకాంతం రాసిన ఆయన జీవితచరిత్ర పేరు కూడా అదే. చదువు చెప్పిన తండ్రి ఆయన.

ఇటు జిల్లెళ్ళమూడి అమ్మ ఉన్నారు. 1923లో పుట్టినప్పుడు పెట్టిన పేరు అనసూయ, అసూయ లేనిది అని. ఎంత అందమైన పేరైనా జనం దాన్ని పక్కనపెట్టి అమ్మ అనే పిలిచారు. 1958 ఆగస్టు 15న ఆమె అన్నపూర్ణాలయం తెరిచాక వచ్చినవాళ్ళందరికీ కులం అడక్కుండా అన్నం పెట్టారు. అక్కడా అంతే: పీఠం కట్టి అమ్మ అనిపించుకోలేదు, పొయ్యి వెలిగించి అనిపించుకున్నారు.

కరువు నేర్పిన చుట్టరికం

అన్నం పెట్టినవాణ్ణి తండ్రి అనడం మామూలే కదా, ఇందులో చరిత్ర ఏముందని అడగొచ్చు. ఉంది. దాని పేరు ధాత కరువు.

1876 నుంచి 78 దాకా దక్షిణాదిని కాల్చిన కరువది. ఒంగోలు, కనిగిరి, పొదిలి ప్రాంతాలు దాని వాతన పడ్డాయి. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్న జనానికి కూలి కల్పించారు. అన్నం కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు. మళ్ళీ మొదలుపెట్టాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ మనిషి చేసిన మేలు చిన్నది కాదు. అయినా జనం ఆయన్ను పిలిచింది ‘క్లౌ దొర’ అని. ‘దొర’లో గౌరవం ఉంది, కృతజ్ఞత ఉంది, దూరమూ ఉంది. గంజి కేంద్రాలు తెరిచిన సర్కారు వారిదీ అదే దూరం. కరువులో తిండి పైనుంచి కిందికి వచ్చింది, దొర చేతి నుంచి కూలి చేతికి.

కాశిరెడ్డి పుట్టింది ఆ కరువు ముగిసిన పదిహేడేళ్ళకు. కన్నవాళ్ళ తరం ఆ ఆకలిని కళ్ళారా చూసిన తరం. ఆయన అన్నదానానికి తిండిగింజలు వచ్చింది ఖజానా నుంచి కాదు. ఈ మెట్టరైతుల గాదెల నుంచే, ఎవరికి కలిగింది వాళ్ళు ఇచ్చిందే. ఇచ్చినవాడూ తిన్నవాడూ ఒకే పంక్తిలో కూర్చున్నారు. ఆ పంక్తి మధ్యలో తిరిగే పెద్దమనిషిని దొర అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఇంట్లో పెద్దను పిలిచినట్టే పిలిచారు. ఒకే నేల, ఒకే ఆకలి. పిలుపు మారిందంటే మధ్యలో మారింది అన్నం కాదు, పెట్టే చేతికీ తినే చేతికీ ఉన్న దూరం.

తెలుగులో పేరూ పెడతాం, అన్నమూ పెడతాం. రెంటికీ క్రియ ఒకటే. కన్నవాళ్ళు తాము చేరలేని ఊరి పేరు పెట్టారు. పెరిగి పెద్దయిన బిడ్డ వచ్చినవాళ్ళకల్లా ముద్ద పెట్టాడు. ముద్ద తిన్నవాళ్ళు తిరిగి ఆయనకు ఇంకో పేరు పెట్టారు. ఆ లెక్క అలా సరిపోయింది.

ఈ వ్యాసం కోసం తిరుగుతూ ఒక మధ్యాహ్నం కాశినాయన సత్రంలో పంక్తిలో కూర్చున్నాను. ఎదురుగా గోడమీద ఆయన పటం, దాని కింద దీపం. వడ్డించే ముసలాయన గోంగూర వేసి, అన్నం గరిటె పట్టుకుని నా విస్తరి ముందు ఆగాడు. చాలని చేయి అడ్డం పెట్టాను. “మెట్ట దారిన పడి వచ్చావు, ఇంకాస్త పెట్టించుకో నాయనా” అన్నాడు.

తెలుగులో తండ్రీ నాయనే, కొడుకూ నాయనే. నేను చేయి తీశాను.

(వచ్చే సంచికలో: మస్తాన్, దస్తగిరి. పారసీ మాటలు పడమటి సీమ రెడ్ల, గొల్లల, కమ్మరుల ఇళ్ళలో పేర్లయిన కథ.)